బాధ్యతను చెప్పే నుడికారం: హోసూరు సీమ తెలుగు ఆధారంగా

బాధ్యతను తీసుకోవడం, పంచుకోవడం, ఇంకొకరి మీదికి నెట్టడం, దాని నుంచి జారిపోవడం అనే పనులను చెప్పడానికి ప్రతి భాషా కొన్ని జాతీయాలను కూడబెట్టుకుంటుంది. తెలుగులో ఈ జాతీయాలు ఎక్కువగా మనిషి ఒంటి చుట్టూ అల్లుకున్నాయి. నెత్తి, భుజం, మెడ, చేయి లేకుండా తెలుగువాడు బాధ్యత గురించి పట్టుమని పది మాటలు మాట్లాడలేడు. ఆ జాతీయాలు ఎలా పనిచేస్తాయో, ఇంగ్లీషు నుంచి వచ్చిన వాటికీ వీటికీ తేడా ఎక్కడుందో పరిశీలించడానికి హోసూరు సీమ అనువైన చోటు. హోసూరు, దాని చుట్టుపక్కల అత్తిముగం, బేరికె లాంటి ఊళ్లు నేడు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఉన్నాయి. ఈ జిల్లా 2004లో ధర్మపురి జిల్లా నుంచి విడివడింది. ధర్మపురి 1965లో సేలం జిల్లా నుంచి ఏర్పడింది. తూర్పున ఆంధ్రలోని కుప్పం, పడమరన కన్నడ నేల, పాలన తమిళానిది. మొరసునాడు అనే పాత పేరున్న ఈ సీమలో తెలుగు ఇంటి భాషగా నిలిచింది. మూడు భాషలూ రోజూ ఒకదాని చెవిన ఒకటి పడే చోట, ఏ నుడి దేనికి సొంతమో, ఏది మూడింటికీ ఉమ్మడి ఆస్తో తేల్చుకోవడం సులువు. ఈ వ్యాసం చెప్పదలచింది ఒకటే: బాధ్యత ఎవరి మీద ఉందన్న సంగతితో తెలుగు నుడికారం ఆగదు, అది ఎవరి ఇష్టంతో అక్కడికి చేరిందో కూడా చెబుతుంది. ఆ రెండో సంగతిని మింగేసే వాక్యం, ఇంగ్లీషు నుంచి వచ్చినా కచేరీ కాగితం నుంచి వచ్చినా, బాధ్యతను గురించి సగమే మాట్లాడినట్టు.

ఈ రెండో సంగతిని మోసేది ‘కొను’ అనే చిన్న క్రియ. ‘భారం నెత్తిన వేశారు’ అంటే ఎవరో వేశారు, మోసేవాడికి ఇష్టం ఉందో లేదో ఎవరూ అడగలేదు. ‘భారం నెత్తిన వేసుకున్నాడు’ అంటే తానే ముందుకొచ్చాడు. నామవాచకం మారలేదు, నెత్తి మారలేదు, భారం తగ్గలేదు. క్రియ చివర మాత్రం మారింది. దీన్ని మన వ్యాకర్తలు ఆత్మార్థకం అన్నారు, అంటే పని ఫలం చేసినవాడికే తిరిగి చేరడం. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో కూడా ఈ ‘కొను’కు చోటుంది. ఇది తెలుగు ఒక్కదాని సొత్తు కాదు. తమిళంలో ‘కొళ్’, కన్నడంలో ‘కొళ్ళు’ అచ్చం ఇదే పని చేస్తాయి. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటిని ఒకే మూలం కింద చేర్చింది. తమిళుడు ‘పొఱుప్పు ఏట్రుక్కొండాన్’ అన్నా, కన్నడిగుడు ‘హొణె హొత్తుకొండను’ అన్నా, తెలుగువాడు ‘తలకెత్తుకున్నాడు’ అన్నా నిర్మాణం ఒకటే: ఎత్తే క్రియ, దాని పక్కన తన మీదికి తిప్పుకునే క్రియ. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి, సంత మాట ఒకటి అయిన హోసూరు పిల్లవాడికి ఈ తిప్పుడు మూడుచోట్లా వినిపిస్తుంది. మూలం కూడా ఒకటే కాబట్టి ఇది మాటల అరువు కాదనీ, మూడు భాషలూ పుట్టింటి నుంచే తెచ్చుకున్న పద్ధతి అనీ గట్టిగా చెప్పవచ్చు.

నెత్తి, భుజం, మెడ మూడూ బరువు మోసేవే అయినా జాతీయాల్లో వాటి తీరు ఒక్కటి కాదు. భుజానిది గౌరవమైన మోత. ‘తండ్రి పోయాక సంసారాన్ని పెద్దకొడుకే భుజాన వేసుకున్నాడు’ అన్నప్పుడు మెచ్చుకోలు దానంతటదే వస్తుంది. ఆ వాక్యాన్ని తిట్టుగా వాడటం కష్టం. నెత్తి అలా కాదు, అది రెండు వైపులా తిరుగుతుంది. ‘ఊరి పనులన్నీ నెత్తిన వేసుకుని తిరుగుతాడు’ అంటే పొగడ్త కావచ్చు, చేతకాని పెద్దరికమని దెప్పిపొడుపూ కావచ్చు. ఇదే నెత్తి మీద ఇంకొకరి చేయి పడితే ‘నెత్తిన రుద్దారు’ అవుతుంది; అక్కడ పొగడ్తకు చోటే లేదు. మెడ మాటకొస్తే అది ఎప్పుడూ ఆపదే. ‘ఆ అప్పుకు జామీను ఉన్నందుకు చివరికి అది నా మెడకు చుట్టుకుంది’ అనే వాక్యంలో మోసేవాడు కర్త కానే కాదు. కర్త అప్పు. అది తనకు తానే వచ్చి చుట్టుకుంది. ‘కొను’ ఇక్కడ మనిషిని వదిలేసి వ్యవహారానికే అంటుకుంది. తన ఇష్టం లేకుండా వచ్చిపడిన బాధ్యతను చెప్పడానికి ఇంతకంటే పొదుపైన వాక్యం కట్టడం కష్టం. ‘పూనుకోవడం’ అనే మాట వీటన్నిటికీ అవతలి కొస. తమిళ కన్నడాల్లోని ‘పూణ్’కు చుట్టమైన ‘పూను’ నేటి వాడుకలో ‘కొను’ తోడు లేకుండా దాదాపు అడుగు బయటపెట్టదు. ఎవరినైనా ఒక పనికి ‘పురమాయించవచ్చు’, ‘ఉసిగొల్పవచ్చు’, కానీ పూనుకోవాల్సింది మాత్రం వాళ్లే, ఇంకొకరు పూనించలేరు.

ఇతరుల మీదికి నెట్టే జాతీయాల్లో మూడు భాషల చుట్టరికం ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. తెలుగులో ‘అంటగట్టడం’, తమిళంలో ‘తలైయిల్ కట్టడం’, కన్నడంలో ‘తలెగె కట్టడం’. మూడింటిలోనూ కట్టడమే ఉంది, కట్టించుకునేవాడి ఇష్టం ఏ ఒక్కదానిలోనూ లేదు. ‘పని చెడగానే తప్పంతా గుమాస్తాకు అంటగట్టారు’ అన్న వాక్యంలో ‘కొను’ను ఎక్కడ దూర్చినా అర్థం తలకిందులవుతుంది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అనే సామెతదీ ఇదే దారి, కాకపోతే అక్కడ నింద మోసేది నోరులేని వాయిద్యం. ఇంకొకరి మీదికి నెట్టకుండా బరువును కాసేపు దించుకోవడానికి పూర్వం తమిళ నేల దారుల పక్కన రాళ్లు నిలిపేవారు. రెండు నిలువు రాళ్ల మీద ఒక అడ్డరాయి, నెత్తిన మూట ఉన్నవాడు ఇంకొకరి సాయం అడగకుండానే దించుకుని మళ్లీ ఎత్తుకునేంత ఎత్తున. కడుపుతో ఉండి పోయిన ఆడపడుచుల పేరిట వీటిని నిలిపే ఆచారం ఉండేది. తమిళంలో ఈ రాతికట్టు పేరు ‘సుమైతాంగి’. ఇంటి బరువంతా మోసే మనిషిని కూడా అదే పేరుతో పిలుస్తారు. 1962లో శ్రీధర్ తీసిన తమిళ సినిమాకు ఆ పేరే పెట్టారు. బాధ్యత అనే ఊహను తెలుగు తమిళాలు ఎంతగా మోతతో ముడిపెట్టుకున్నాయో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

చేయి విషయంలో జాతీయాలు మరింత నిశితంగా కోస్తాయి. ‘చేతులు దులుపుకున్నారు’, ‘చేతులెత్తేశారు’ అనే రెండింటినీ పత్రికలు ఒక్కటే అన్నట్టు వాడేస్తుంటాయి, కానీ మాట్లాడే జనం వాటిని కలపరు. ‘డాక్టర్లు చేతులెత్తేశారు’ అంటే వాళ్ల చేతనైనంత చేశారు, ఇక చేయగలిగింది లేదు. అందులో బాధ ఉంది, నింద లేదు. అదే ‘డాక్టర్లు చేతులు దులుపుకున్నారు’ అంటే వాళ్లకు చేతనవును, కావాలనే వదిలేశారు. ఒకదానిలో ‘వేయు’, రెండోదానిలో ‘కొను’. చేతకానితనాన్నీ ఇష్టం లేకపోవడాన్నీ విడదీసింది క్రియ తోకే. తప్పుకోవడం, తప్పించుకోవడం, ఒళ్లు దాచుకోవడం, ఆశ వదిలేసినప్పుడు నీళ్లొదులుకోవడం: పారిపోయే జాతీయాల్లోనూ ‘కొను’ పుష్కలంగా ఉంది. కన్నడం కూడా ‘కై తొళెదుకొళ్ళు’ అంటుంది. తమిళం మాత్రం ఇక్కడ దారి మార్చి ‘కై కళువి విడు’ అంటుంది, అంటే వదిలివేసే క్రియను తోడు తీసుకుంటుంది. తప్పుకున్నవాడు తనకోసం తప్పుకున్నాడన్నది తెలుగు, కన్నడాల చూపు. అవతలివాడిని వదిలేశాడన్నది తమిళం చూపు. ఒకే ఊళ్లో ఒకే ఘటనను ఇద్దరు ఇలా రెండు వైపుల నుంచి చెప్పగలగడం హోసూరు సీమకు దక్కిన భాగ్యం.

బాధ్యతకు వాడే నామవాచకాల చరిత్ర కూడా ఈ వాదానికే బలమిస్తుంది. ‘బాధ్యత’ సంస్కృతం నుంచి వచ్చింది. దాని వెనకున్న ‘బాధ్య’ అనే మాటకు హిందీలో నేటికీ బలవంతపడ్డ అనే అర్థం. ‘జవాబుదారీ’ పారసీ మాట, అడిగినదానికి జవాబు ఇవ్వాల్సినవాడి స్థితి. ‘జామీను’, ‘హామీ’ కూడా కచేరీల వెంట వచ్చినవే. వీటిలో ఏదీ ఇష్టాన్ని చెప్పదు. కాని తెలుగు నోట పడ్డాక అవి ఊరకే ఉండలేదు. ‘జవాబు చెప్పాలి’ అంటే ప్రశ్నకు బదులివ్వడం, అంతే. ‘జవాబు చెప్పుకోవాలి’ అంటే దేవుడికో, పిల్లలకో, సొంత మనస్సుకో లెక్క ఒప్పజెప్పడం. పారసీ నుంచి అరువు తెచ్చుకున్న మాటకు తెలుగు ‘కొను’ కట్టి నీతిని ఎక్కించిన తీరు ఇది. జవాబు అడగడానికి ఊరి పాలనలో బాధ్యతలకు ఒకప్పుడు మనుషుల ముఖాలుండేవి: శిస్తుకు, తగవుకు మునసబు, లెక్కకు కరణం, కాపలాకు తలారి, చెరువు తూముకు నీరుగంటి. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి తండ్రి ఆ ఊరి మునసబే. వంశపారంపర్యంగా వచ్చే ఆ వ్యవస్థలో అన్యాయం నిండా ఉంది; దాన్ని తమిళనాడు 1980లో, ఆంధ్రప్రదేశ్ 1984లో రద్దు చేయడం తప్పని చెప్పలేం. అయితే తూము ఎందుకు తెరవలేదని అడగడానికి ఊరంతటికీ ఒక మనిషి ఉండేవాడన్నదీ నిజమే. ఆ మనిషి పోయిన చోటికి శాఖలు వచ్చాయి, శాఖల వెంట వాటి భాష వచ్చింది.

ఇంగ్లీషు జాతీయాల సంగతికి వస్తే, బాధ్యత గురించి ఆ భాషలో బాగా వాడుకలో ఉన్న రెండు నుడులు ఆటల నుంచి పుట్టాయి. ఒకటి ‘బక్’. పేకాటలో పంచే వంతు ఎవరిదో గుర్తుగా ముందుంచే వస్తువు అది. తన వంతు వద్దనుకున్నవాడు దాన్ని పక్కవాడికి జరపవచ్చు. బాధ్యతను పక్కకు నెట్టడమనే అర్థం అక్కడి నుంచి వచ్చింది. 1945 అక్టోబరులో ఓక్లహోమాలోని ఎల్ రీనో చెరసాలలో తయారై అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ బల్ల మీదికి చేరిన పలక ఆ మాటను తిరగేసింది: జరపడం ఇక్కడితో ఆఖరు, దీని అవతల ఎవరూ లేరు అని. రెండోది టెన్నిస్ బంతి. ఇప్పుడు వంతు మీది, కదలాల్సింది మీరే అని చెప్పడానికి బంతి అవతలివాడి వైపు ఉందంటారు. తెలుగు పత్రికలు మొదటిదాన్ని పెద్దగా పట్టించుకోలేదు, రెండోదాన్ని మాత్రం ‘బంతి కేంద్రం కోర్టులో’, ‘బంతి గవర్నర్ కోర్టులో’ అంటూ శీర్షికలకు ఎక్కించాయి. ఈ వాడుకలో చిక్కు అది పరాయిది కావడం కాదు. బంతి ఒక సమయంలో ఒక్కడి దగ్గరే ఉంటుంది. కొట్టేసినవాడి చేతులు అంతటితో ఖాళీ, అవతలివాడు కొట్టేదాకా అతను నిలబడి చూడవచ్చు, అది తప్పు కూడా కాదు, ఆట నియమమే అది. మోతకు ఆ నియమం వర్తించదు. పల్లకీని నలుగురు మోస్తారు. ఒకడు భుజం తీసేస్తే మిగతా ముగ్గురి మీద బరువు పెరుగుతుందే గాని తీసినవాడి వంతు ముగిసిందని ఎవరూ అనరు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరని సామెత అడిగేదీ అదే. కనుక ‘బంతి’ని వాడినప్పుడల్లా మనం పంచుకోవాల్సిన బాధ్యతను వంతులవారీ ఆటగా మార్చి చెబుతున్నామన్నమాట.

భాషలు ఎప్పుడూ ఒకదాని నుంచి ఒకటి తెచ్చుకుంటూనే ఉంటాయి, ఒక జాతీయాన్ని పట్టుకుని ఇంత పేచీ ఎందుకని అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. ‘చేతులు కడుక్కోవడం’ సంగతి చూడండి. యేసుకు శిక్ష వేసే సమయంలో రోమన్ అధికారి పిలాతు జనం ఎదుట నీళ్లతో చేతులు కడిగిన ఘట్టం మత్తయి సువార్తలో ఉంది. ప్రపంచంలో చాలా భాషల్లోకి ఈ జాతీయం అక్కడి నుంచే పాకింది. తెలుగులో అది అప్పటికే ఉన్న ‘చేతులు దులుపుకోవడం’ పక్కన చేరి, ఇంటిమనిషిలా కలిసిపోయింది. ఎందుకు కలిసిపోయిందంటే అది ‘కడగడం’గా రాలేదు, ‘కడుక్కోవడం’గా వచ్చింది. చేతులున్న మనిషి ఉన్నాడు, తనకోసం చేసుకున్న పని ఉంది, ఆ పనికి నింద ఉంది. బంతి ఇంత కాలమైనా శీర్షికల్లోనే ఎందుకు ఉండిపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ‘మా అన్నదమ్ముల పంపకంలో బంతి మామయ్య కోర్టులో ఉంది’ అని పల్లెలో ఎవరూ అనరు; ‘ఇక మామయ్య చేతుల్లోనే ఉంది’ అంటారు. పైగా తెలుగు చెవికి కోర్టు అనగానే మొదట తోచేది న్యాయస్థానం, ఆట స్థలం కాదు. అరువు తెచ్చుకోవడం మీద నాకు ఆక్షేపణ లేదు. తెచ్చుకున్నదానిలో మనిషి మిగిలాడా లేదా అన్నదే నా ప్రశ్న.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ వ్యాకరణం వైపు నుంచి రాగలదు. ‘కొను’ ఎప్పుడూ ఇష్టాన్నే చెబుతుందనడం సరికాదు: చిక్కుకోవడం, ఇరుక్కోవడం, జబ్బు అంటుకోవడం ఎవరి ఇష్టంతో జరుగుతాయి? నిజమే, ‘కొను’కు ఇష్టం ఒక్కటే అర్థం కాదు. పని ఎవరిని చేరుకుని అక్కడ నిలిచిందో చెప్పడం దాని అసలు పని. చేసేది, చేరేది ఒకే మనిషి అయి, ఆ పని ఎత్తడం, వేయడం, మోయడం లాంటిదైనప్పుడు అక్కడ ఇష్టం పుడుతుంది. ‘కేసులో ఇరుక్కున్నాడు’ అన్నప్పుడు క్రియకు బయటి వస్తువేదీ లేదు, కనుక ఇష్టం పుట్టదు, పడిపోవడమే మిగులుతుంది. కేసును ‘నెత్తిన వేసుకున్నాడు’ అన్నప్పుడు ఎత్తి వేసుకోవాల్సిన వస్తువు ఉంది, వేసుకునే చేయి ఉంది. ఈ ఆక్షేపణ నా వాదాన్ని పడగొట్టదు, హద్దు గీస్తుంది. ఇరుక్కున్నవాడిని, వేసుకున్నవాడిని వేరుచేసి చెప్పగల భాషకు బాధ్యత గురించి మాట్లాడే అర్హత ఇంకొంచెం పెరుగుతుంది తప్ప తగ్గదు.

మరొకరు ఇలా అనవచ్చు: ‘ఆ బాధ్యత నీ మీదే ఉంది’, ‘అది నీ చేతుల్లోనే ఉంది’ అని మనమూ అంటాం కదా, వీటిలో ఎవరు పెట్టారో, ఎవరి ఇష్టంతో పెట్టారో లేదు, బంతికీ వీటికీ తేడా ఏమిటి? ఇష్టం లేదన్నది ఒప్పుకోవాలి. కాని ఇక్కడ బాధ్యత ఉన్న చోటు ఒక మనిషి ఒళ్లు, గీతలు గీసిన నేల కాదు. ‘మీద ఉంది’ అన్న మరుక్షణం వినేవాడికి ‘ఎవరు వేశారు? వేసుకున్నాడా?’ అనే ప్రశ్న సహజంగా పుడుతుంది, జవాబుకు క్రియలు సిద్ధంగా ఉంటాయి. ‘బంతి కోర్టులో ఉంది’ అన్నాక పుట్టే ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు కొడతాడు?

భాషలో ‘కొను’ ఉన్నంత మాత్రాన జనం బాధ్యతగా ఉంటారా అన్నది ఇంకో రకం ఆక్షేపణ. ఉండరు. తెలుగు, తమిళ, కన్నడ నేలల్లో చేతులు దులుపుకునేవారికి కొరత ఏనాడూ లేదు. ఆ మాటకొస్తే అలాంటివారు ఉన్నందుకే ఆ జాతీయం పుట్టింది. భాష మనుషుల్ని మంచివాళ్లను చేస్తుందని ఈ వ్యాసం ఎక్కడా అనడం లేదు. విన్నవాడికి నిలదీయడానికి వాక్యంలో ఒక పట్టు దొరుకుతుందా లేదా అన్నంతవరకే మన లెక్క. ‘తప్పు జరిగింది’ అన్న వాక్యం పట్టు ఇవ్వదు, ‘తప్పు చేశాను’ అన్నది ఇస్తుంది, ‘తప్పు నా మీదేసుకుంటున్నాను’ అన్నది ఇంకా గట్టి పట్టు, ఎందుకంటే చేయని తప్పును కూడా మోయడానికి ఒకడు సిద్ధపడ్డాడని అది చెప్పగలదు.

ఈ చివరి మాటకు మన దేశ రాజకీయాల్లో పేరుపడ్డ ఉదాహరణ లాల్ బహదూర్ శాస్త్రి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇస్తానన్నారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడు నవంబరులో తమిళ నేల మీద అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరిగింది. ఈసారి ఆయన పట్టుబట్టి తప్పుకున్నారు. ‘నైతిక బాధ్యత వహించి రాజీనామా’ అనే పత్రికల పదబంధం వినగానే పాతతరం వారికి గుర్తొచ్చేది ఆ ఘటనే. ‘వహించు’ సంస్కృతపు మోత; దానికి ‘కొను’ చేర్చడం తెలుగులో అలవాటు లేదు, కన్నడంలో మాత్రం ‘వహిసికొళ్ళు’ ఉంది. దీనివల్ల తెలుగు రాత ఒక నష్టం మూటగట్టుకుంది. ‘శాస్త్రి బాధ్యత వహించారు’, ‘దీనికి మంత్రే బాధ్యత వహించాలి’: మొదటిది ఒకరు తనంతట తాను చేసింది, రెండోది ప్రతిపక్షం గద్దించి అడిగేది, క్రియ మాత్రం ఒక్కటే. జనం నోట అయితే మొదటిది ‘మీదేసుకున్నాడు’, రెండోది ‘వాడే జవాబు చెప్పుకోవాలి’ అని విడివిడిగా వచ్చేవి. పత్రికల తెలుగు గంభీరంగా ఉండాలన్న తాపత్రయంలో ఈ తేడాను పోగొట్టుకోవడం బాధాకరం.

కచేరీ భాష చేసిన నష్టం ఇంకా పెద్దది, ఇందులో మూడు భాషలూ ఒకే గూటి పక్షులు. తెలుగు నోటీసు ‘తగు చర్య తీసుకొనబడును’ అంటుంది. తమిళ నోటీసు ‘నడవడిక్కై మేఱ్కొళ్ళప్పడుం’ అంటుంది. కన్నడ నోటీసు ‘క్రమ కైగొళ్ళలాగువుదు’ అంటుంది. ఈ మూడింటినీ నిదానంగా చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ‘కొను’, ‘కొళ్’, ‘కొళ్ళు’ మూడుచోట్లా ఉన్నాయి; అంటే ఎవరో ఆ పనిని తమ మీదికి తీసుకుంటున్నారు. వెంటనే ‘బడు’, ‘పడు’, ‘ఆగు’ వచ్చి ఆ ఎవరో అనే మనిషిని చెరిపేస్తున్నాయి. తన మీదికి తీసుకోవడం ఉంది, తాను లేడు. బాధ్యతను ఒంటి మీద మోయడం నేర్చిన భాషలకు ఒళ్లే లేని వాక్యాన్ని ఇలా అలవాటు చేశారు. నిష్పక్షపాతం కోసం, వ్యక్తి కాదు కార్యాలయం మాట్లాడుతోందని చూపడం కోసం ఇది అవసరమని సమర్థించేవారున్నారు. కార్యాలయం పేరు చెప్పడానికి ఏ అడ్డంకీ లేదు. ‘తహసీల్దారు చర్య తీసుకుంటారు’ అన్నా అది వ్యక్తి మాట కాదు, పదవి మాటే; కాకపోతే ఆరు నెలల తర్వాత వెళ్లి అడగడానికి ఒక గది తలుపు మిగులుతుంది.

హోసూరు సీమలో ఈ చర్చ పుస్తకాల్లో ఆగేది కాదు, ఎందుకంటే అక్కడి తెలుగు చదువే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నలో నలుగుతోంది. 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో చదువుకునే తగిన వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతుంది. అందుకు తగిన ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్రపతికి ఉంది. వెంటనే వచ్చే 350బి ఈ వ్యవహారాలు చూసే ప్రత్యేక అధికారిని ఏర్పాటు చేసింది. ఇందులో వంతులు లేవు. స్థానిక సంస్థ, రాష్ట్రం, కేంద్రం ఏకకాలంలో భుజం పట్టాల్సిన మోత ఇది. ఆ తర్వాత తమిళనాడు 2006లో తమిళం నేర్పే చట్టం చేసింది. ఆ విద్యా సంవత్సరం ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసుకుంటూ వెళ్లింది. 2015-16 నాటికి అది పదో తరగతిని చేరింది. తమ గడ్డ మీద పెరిగే పిల్లలందరికీ తమ భాష రావాలని ఒక రాష్ట్రం కోరుకోవడంలో తప్పు లేదు. హోసూరు తెలుగువారికి తమిళం రాకపోతే నష్టం వారికే. కాని అమ్మనుడి మొదటి భాష స్థానాన్ని కోల్పోతే దానికి తగిన చోటు ఎక్కడ, ఆ ఉపాధ్యాయులను ఎవరు నియమించాలి, ఆ పుస్తకాలను ఎవరు అచ్చువేయాలి అన్నవాటికి జవాబు రాకముందే పరీక్షలు వచ్చిపడ్డాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లల తరఫున వ్యాజ్యాలు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పదో తరగతిలో తమిళ పరీక్ష నుంచి ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో మరో ఏడాదికి పొడిగించింది.

ఈ ఉదంతాన్ని ‘బంతి సుప్రీంకోర్టులో’ అని శీర్షిక పెట్టి రాయవచ్చు, మాట కూడా అచ్చంగా అతికినట్టు ఉంటుంది. కాని అలా రాసిన నిమిషంలో మిగిలినవాళ్లంతా ప్రేక్షకులైపోతారు. బడి నడిపే సంస్థ, జిల్లా విద్యాశాఖ, చెన్నై, ఢిల్లీ, తమ భాషవారి బాగోగులు తమకూ పట్టినవేనని అప్పుడప్పుడూ ప్రకటనలిచ్చే అమరావతి, హైదరాబాదు, చివరికి పిల్లలను తెలుగు బడికి పంపాలా వద్దా అని తేల్చుకోవాల్సిన ఇంటివాళ్లు, అందరూ. దీనిని తెలుగులో రాయదలిస్తే ఒక్కొక్కరికి ఒక్కో క్రియ కావాలి. రాజ్యాంగం ఈ భారాన్ని మూడు భుజాల మీద పెట్టింది. చట్టం కొత్త భారాన్ని పిల్లల నెత్తిన వేసింది. తల్లిదండ్రుల్లో కొందరు న్యాయపోరాటాన్ని తలకెత్తుకున్నారు. కోర్టు కొంతకాలానికి పిల్లల నెత్తి నుంచి కొంత దించింది. పెట్టింది, వేసింది, ఎత్తుకున్నారు, దించింది: ఈ నాలుగింటిలో ‘కొను’ ఉన్నది ఒక్కదానికే. అది ఎవరి వాక్యంలో ఉందో గమనిస్తే, తెలుగు చదువును ఇంతవరకూ తమంతట తాముగా మోస్తున్నది ఎవరో తెలుస్తుంది.